కమలవ్వ గది కొలత

అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో మొగిలయ్య మేస్త్రి చెయ్యి పడని ఇల్లు అరుదు. ముప్పయ్యేళ్లలో ఆయన కొలత తప్పిందని ఒక్కరూ అనలేదు. ఆ మాట ఆయనే పదిమందికీ చెప్పుకునేవాడు. అలాంటి మనిషిని తొంభై ఆరులో మంచంలో ఉన్న ఓ ముసలమ్మ తికమక పెట్టేసింది.

అప్పుడు ఊరంతా వాస్తు పిచ్చి. నిక్షేపంలాంటి వంటిళ్లు కూల్చుకుంటున్నారు, మెట్లకు దిక్కులు మారుస్తున్నారు. మేస్త్రీలకు పండగే. ఆ ముసలమ్మ కొడుకు జగదీశ్వర్ కూడా మొగిలయ్య చేత తల్లి గదిలో దక్షిణపు కిటికీ మూయించి, తూర్పు గోడకు పైన, కప్పుకు జానెడు కింద, పొడుగాటి కిటికీ పెట్టించాడు. వెలుతురు మునుపటికంటే ఎక్కువే వచ్చింది. మొగిలయ్య తన పనికి తానే మురిసిపోయాడు.

నాలుగో రోజు జగదీశ్వర్ పరుగున వచ్చాడు.

"అమ్మ అన్నం ముడ్తలేదు మేస్త్రీ. నువ్వు గోడ లోపలికి జరిపినవంటది. జర వచ్చి చూడు."

నడుము విరిగి ఏడాదిగా మంచం దిగని కమలవ్వ, ఆయన్ను చూడగానే అందుకుంది.

"నా అర్రను సగం జేసినవేంది మొగిలయ్యా? నన్ను డబ్బాల ఏసి మూసిన్రు."

మొగిలయ్యకు తల కొట్టేసినట్టయింది. టేపు తీసి కొలిచాడు. పది, పన్నెండు అడుగులు, మునుపటి కొలతే. ఈ మూల నుంచి మళ్లీ కొలిచాడు. అంతే. "కొలత సరిగ్గనే ఉన్నది సార్," అన్నాడు జగదీశ్వర్‌తో. గుమ్మంలో నిలబడి చూస్తే గది మైదానంలా ఉంది. మరి ఈమెకేమైంది? కళ్లు పోయాయా, మతి పోయిందా? లేక తన టేపే సాగిందా? ఏమీ పాలుపోలేదు.

"టేపు నాకేం జూపిస్తవు? ఈడికొచ్చి జూడు," అంది కమలవ్వ.

విసుక్కుంటూనే మంచం పక్కన చతికిలబడి, ఆమె దిండు మీద తల ఆనించాడు. మూరెడు దూరంలో తెల్లటి గోడ. ఎక్కడో పైన చీలికంత ఆకాశం, అందులో ఒక్క మనిషి లేడు. మునుపు ఇక్కడే మంచం ఎత్తున కిటికీ ఉండేది. కూరగాయల బండి, పుస్తకాలు పట్టుకుపోయే హాస్టల్ పిల్లలు, ఎదురింటి మెట్ల మీద బియ్యం ఏరే బుగ్గమ్మ. కమలవ్వ గది ఆ మెట్లదాకా ఉండేది.

మొగిలయ్య చేత్తో ఆ తెల్ల గోడను తడిమాడు. తను ఇన్నేళ్లూ నిలబడే కొలిచాడు.

"ఉలి తెచ్చుకుంట సార్. ఈ గోడ పగలగొట్టాలె," అన్నాడు జగదీశ్వర్‌తో.

"మరి వాస్తు? కొలత సరిగ్గనే ఉన్నదంటివి గద?"

"లేదు సార్," అన్నాడు మొగిలయ్య, తల దించుకుని. "తప్పిన."