సీసాలో పోసిన మర్యాద

“ఏమే, ఈ క్యాను నీళ్ళు చప్పగా ఉన్నాయి. మన బోరు నీళ్ళు తే.”

“డాక్టరుగారు వద్దన్నారు మావా. ముక్కు మూసుకుని తాగు.”

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నది ఇదే. తెల్లారేసరికి మనిషి లేడు, కిడ్నీలు పోయి. ఏడుపు కథ అనుకుని కొంగు తీయకండి. ఆయన పోయాక అదే నీళ్ళ దగ్గర నేనొక ఘనకార్యం చేశాను. మా వీధి వీధంతా మునిగిపోబోయింది. అది చెబుతా. నాకు సంతకం వరకే వచ్చు, మా మేనకోడలు పద్మ రాస్తోంది.

మాది తిరువూరు దగ్గర, ఎ.కొండూరు వైపు పల్లె. మా బోరు నీళ్ళు కాస్తే గిన్నెకి సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. ఆయన పోయాక వచ్చిన ఎండాకాలం యూనివర్సిటీ వాళ్ళొచ్చారు. ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో కనిపెట్టడానికట. చీపురుపుల్లలా ఉన్న సునీత అనే అమ్మాయి వీధిలో ఇంటింటికీ ఇస్తూ నా చేతికీ ఓ సీసా ఇచ్చింది.

“పిన్నిగారూ, మీరు రోజూ తాగే నీళ్ళు దీన్నిండా పట్టి ఉంచండి. రేపొచ్చి తీసుకెళ్తాం.”

“అలాగే తల్లీ.”

అలాగే అన్నానా? మరి అంత చదువుకున్న పిల్ల ఎండనపడి మా ఇంటికొస్తే, ఆ ముదనష్టపు బోరు నీళ్ళు చేతిలో పెడతానా? మీరైతే పెడతారా? తిరువూరు నుంచి క్యాన్లు తెప్పించా. కొత్తకుండలో పోసి, వట్టివేళ్ళు వేసి, చల్లబెట్టి సీసా నింపా. అంతటితో ఊరుకుంటే నేను కోటమ్మనెందుకవుతాను? వీధిలో ఆడాళ్ళందర్నీ పోగేసి, “మన పరువు మీ చేతుల్లో ఉంది, సీసాలు ఇటు తెండి” అన్నా. అందరి సీసాలూ నా కుండలోంచే నిండాయి.

మరిది వీరాస్వామి ఒక్కడే గొణిగాడు. పాపం, అప్పటికే వాడి రక్తపరీక్ష కూడా తేడాగా వచ్చింది.

“వదినా, వాళ్ళడిగింది మనం తాగే నీళ్ళు గదా?”

“ఇవి మాత్రం కాళ్ళు కడుక్కునేవా? తాగేవేగా! పోవయ్యా!”

కొన్నాళ్ళకి సునీత తిరిగొచ్చింది.

“మీ వీధి నీళ్ళంత శుభ్రమైనవి ఎక్కడా చూళ్ళేదు పిన్నిగారూ!”

నేను పెళ్ళికొడుకు తల్లిలా మురిసిపోయా.

“కానీ ఆ సువాసనేంటో తెలీక మా సార్ తల పట్టుకున్నారు.”

“మా మట్టి గొప్పతనం తల్లీ.”

“మేమొక ఫిల్టరు తయారుచేశాం. నీళ్ళు బాగాలేని వీధిలో పెట్టి చూద్దామని. మీకు అవసరం లేదుగా, వేరే ఊరికి ఇచ్చేస్తాం.”

వేరే ఊరికా! రోజూ క్యాను కొనే స్తోమత ఎవరికుంది? అవతల వీరాస్వామి చెంబెత్తి బోరు నీళ్ళు గటగటా తాగుతున్నాడు, అచ్చం వాళ్ళన్న లాగే.

“ఆగమ్మా! నేను సీసాల్లో పోసింది నీళ్ళు కాదు, మర్యాద!”

కుండ, వట్టివేళ్ళు, అన్నీ కక్కేశా. ఆ పిల్ల అరుగు మీద కూలబడి, కళ్ళెమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

“నేను చెప్పలా?” అన్నాడు వీరాస్వామి.

ఈసారి సునీతే ఇల్లిల్లూ తిరిగి బోర్ల దగ్గర సీసాలు పట్టుకుంది. మళ్ళీ వచ్చి, “పిన్నిగారూ, చెడ్డనీళ్ళలో మీ వీధిదే ఫస్టు ర్యాంకు!” అంది. పిల్లలు పాసైనట్టు వీధంతా చప్పట్లు కొట్టాం. ఫిల్టరు మాకే వచ్చింది.

జబ్బుకి అసలు కారణం ఇంకా వెతుకుతున్నామంటుంది సునీత. వెతకనీ. నా గిన్నె తెల్లబడటం మానేసింది. వీరాస్వామి జబ్బు ఉన్నచోటే ఆగింది, ముదరలేదు. మొన్న సునీతొస్తే ఆ ఫిల్టరు నీళ్ళే గ్లాసులో పోసిచ్చా.

“చప్పగా ఉన్నాయి పిన్నిగారూ.”

“ముక్కు మూసుకుని తాగు” అన్నా.

ఇదిగో, మీ అందరి ముందూ ఒట్టు. ఇకమీదట యూనివర్సిటీ వాళ్ళు నీళ్ళడిగితే నీళ్ళే ఇస్తా. మట్టి అడిగితే మట్టే ఇస్తా, కళ్ళాపి చల్లి ముగ్గేసి ఇవ్వను.

పద్మా, రాశావా? ఏదీ, మీ మావయ్య మాట దగ్గర్నుంచి ఓసారి చదివి వినిపించు.