దాణాలో వాము, షెడ్డులో తడిక

కోడికి మసాలా పట్టించడం తెలిసిన పనే. బతికుండగానే పట్టించమని చెప్పిన మొదటి మనిషి మాత్రం మా షెడ్డుకు మోపెడ్ మీద వచ్చాడు. తొంభైల చివర్లో గన్నవరం దగ్గర రెండు వేల బ్రాయిలర్లు పెంచుతూ నన్ను నేను కోళ్ల రైతునని చెప్పుకునేవాణ్ణి. కోళ్లకు ఆ అభిప్రాయం ఉన్నట్టు లేదు. మందులు పోసినా ఆగకుండా, వరసగా రెండు బ్యాచ్‌లు పారుడు రోగం పట్టి సగానికి సగం పోయాయి. మూడోదీ పోతే షెడ్డు మూసేయాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు.

అతని సంచిలో పసుపు, వెల్లుల్లి, వాము, నేలవేము కలిపి కొట్టిన పొడి ఉందట. దాణాలో కాస్త కలిపితే పేగు గట్టిపడుతుందట, యాంటీబయాటిక్ మానేయొచ్చట. ఇన్ని ‘అట’లు ఒకచోట చేరితే నాకది ఆటలాగే కనిపిస్తుంది. రంగేసిన తవుడేమోనని చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఘాటుగానే ఉంది. ఆ ఘాటు కూడా ఎత్తేమో అనుకున్నాను.

అందుకే ఒక్క సంచి కొని పరీక్ష పెట్టాను. మందులు పూర్తిగా ఆపి, షెడ్డు మధ్యలో తడిక కట్టించాను. రోడ్డువైపు కోళ్లకు పొడి కలిపిన దాణా, కాలవవైపు వాటికి ఉత్త దాణా. మేత వేయడం, నీళ్లు పెట్టడం, కింద పరిచిన ఊక తిరగేయడం అన్నీ షెడ్డు పక్కనే కాపురముండే పనావిడ చూసేది. ఇటు కలుపు, అటు కలపకు అన్నాను. ఎందుకో చెప్పాలని తోచలేదు.

మూడో వారానికే సంచి ముప్పాతిక ఖాళీ అయింది. ఆమె పక్కనుంచి వెళ్తే వెల్లుల్లి వాసన. ఆమె పెరట్లో నాలుగు నాటుకోళ్లు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. మోపెడ్ మనిషి మీదున్న అనుమానం కాస్తా ఆమె మీదికి మళ్లింది. ఆమెను మాన్పించి వేరేవాళ్లను చూసుకుందామని కూడా అనుకున్నాను.

తూకం వేసిన రోజున రెండు వైపులా కోళ్లు ఒకే బరువు తూగాయి. పారుడు ఎటూ లేదు. ఇక పొడి దండగని తేలిపోయింది, దాన్ని కాజేసిన మనిషి సంగతి తేల్చడమే మిగిలింది.

“ఆ పొడంతా మీ నాటుకోళ్లకేగా వేశావు?” అన్నాను.

ఆమె ఊక తిరగేయడం ఆపలేదు. “వాటికెందుకండీ, అయ్యి పెంట మీద బతికేయి. కాలవవైపు పిల్లలకే ఏశానండి.”

“అటు వద్దన్నానుగా?”

“అన్నారండి. ఒకే కప్పు కింద సగానికి పెట్టి సగానికి మానేస్తే ఎట్టాగండీ? తడికలోంచి చూస్తన్నాయి.”

మొదటి రోజు నుంచీ వేస్తూనే ఉందట. ఈ ‘అట’ను మాత్రం అనుమానించలేకపోయాను.

షెడ్డు మూతపడలేదు. పొడి నిలబెట్టిందో, తడి పట్టనివ్వకుండా రోజూ ఊక తిరగేసిన ఆ చేతులు నిలబెట్టాయో ఇప్పటికీ చెప్పలేను. ఆమెను మాన్పించాలనుకున్న సంగతి ఆమెకు చెప్పలేదు. తెలుసనే నా అనుమానం.

ఆ వారంలోనే మోపెడ్ మనిషి వచ్చి, పొడి పనిచేసిందాండీ అని అడిగాడు. జరిగింది చెప్పడానికి నోరు రాక మూడు సంచులు దింపమన్నాను. ఒక్క ప్రశ్నయినా వేయకుండా నేను కొనేసరికి, అతను నన్ను అనుమానంగా చూశాడు.