కాటా తప్పా, బస్తా తప్పా

మొన్న బియ్యం కొట్లో డబ్బా ఇంకా పెట్టకముందే కాటా మీద ఏదో అంకె పడితే, కొట్టతను తుడిచైనా చూడకుండా ఒక్క మీట నొక్కి దాన్ని సున్నా చేసేశాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో అతనికేం తెలుసు పాపం, మన ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

ఆమదాలవలసలో మా నాన్నది ధాన్యం కొట్టు. బస్తా కంటికి ఆనినదానికంటే ఎక్కువ తూగితే మిగతా వర్తకులు లోపల రాళ్లున్నాయని రైతు మీద ఎగిరిపడేవారు గానీ, నాన్న మాత్రం బస్తా ముట్టుకోకుండా ముందు కాటా తుడిచి, ముల్లు సరిచూసేవారు. ఆ అలవాటే అన్నయ్య నెత్తికెక్కింది. విజయనగరం కాలేజీలో మేమిద్దరం ఫిజిక్స్ పాఠాలు చెప్పే రోజుల్లో, గెలాక్సీల అంచున నక్షత్రాలు ఉండాల్సినదానికంటే వేగంగా తిరుగుతున్నాయి కాబట్టి కంటికి కనబడని పదార్థమేదో దాగి ఉందని లోకమంతా అంటుంటే, అన్నయ్య మాత్రం బస్తా విప్పకండి, కాటా చూడండి అనేవాడు. కాటా అంటే గురుత్వాకర్షణ సూత్రమే. అంతంత దూరాల్లో ఆ సూత్రమే మారుతుందని, విశ్వం ఉబ్బిపోతున్న తీరుకి కూడా అదే కారణమని అతని నమ్మకం. దానికోసం పెళ్లి కూడా మానుకున్నాడు. పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే, లెక్కలు సరిచూసిపెట్టేదాన్ని నేను.

అతని సిద్ధాంతంలో ఒక్కటే మెలిక. నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలు వెలుతురు కంటే వెనకబడి రావాలి. తీరా మేం రిటైరయ్యాక ఎక్కడో రెండు నక్షత్రాలు ఢీకొన్నాయని, తరంగమూ వెలుతురూ ఇంచుమించు కలిసే వచ్చాయని పేపర్లో పడింది.

అన్నయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. కాగితాలన్నీ నా ఒళ్లో పడేసి, "ఒసే, ఎక్కడో తప్పు సేసుంటాను, ఎతుకే, నీకు దండం పెడతాను" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అయ్యో, అంత మనిషి! లెక్కలో తప్పు దొరికితే దిద్దుకోవచ్చు, తరంగం వెనకబడనక్కర్లేదు, సిద్ధాంతం బతుకుతుంది. అన్నయ్య తప్పు చేసుండాలని రామతీర్థం రాముడికి మొక్కుకుని మరీ వెతికాను. ఎన్ని రోజులు చూసినా ఒక్క గుర్తు కూడా తేడా రాలేదు. ఆ మాట చెబితే, "అయితే ఇంకేటి సేస్తానే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఏడు దాటలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లు తరంగం వెనకబడకుండానే సూత్రం మార్చి చూస్తున్నారట. బస్తాలో రాయి, అదే ఆ కనబడని పదార్థం, మాత్రం ఇంతవరకూ ఎవరి చేతికీ చిక్కలేదు. ఈ కబురు విని ఎగిరి గంతేసే మనిషి లేడు. కాటా తుడిచేదాకా ఆగే ఓపిక ఏ కొట్లోనూ ఎవరికీ లేదు. రాముడి మొక్కు అలాగే ఉండిపోయింది, తప్పు దొరకలేదు కదా, ఏమని తీర్చను.