పగడానికి మిరపనారు వైద్యం

మా వదిన పెట్టిన సాంబ్రాణి పొగ వల్లే నా పగడం చావుదాకా పోయిందని ఒకప్పుడు నేను నలుగురి ముందు చెప్పాను. అది అబద్ధమని నాకు మూడో రోజుకే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం దాదాపు ఇరవై ఏళ్ళు సాగింది. "ఇప్పుడెందుకండీ ఆ పాత గోల, అందరూ ఎప్పుడో మర్చిపోయారు" అంటుంది మా ఆవిడ. మర్చిపోతే నేనే గుర్తు చేస్తాను. అయితే ఒక్కమాట ముందే చెబుతున్నాను: బొగ్గుబాయి కాలనీలో సముద్రం పెట్టినందుకు మాత్రం నేనెవరికీ క్షమాపణ చెప్పను. మళ్ళీ ఇరవై నాలుగేళ్ళ వయసిస్తే మళ్ళీ అదే పని చేస్తాను.

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు కొత్తగా జేబుల్లోకి వచ్చి, మిస్డ్ కాల్ ఇచ్చుకోవడమే పెద్ద పలకరింపైన రోజుల్లో, నేను కొత్తగూడెం దగ్గర ఒక బాయి వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేరి అన్నయ్య క్వార్టర్లో ఉండేవాణ్ణి. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాళ్ళంతా బైకులు కొనుక్కుంటుంటే, నేను ట్రైనింగు కోసం చెన్నై వెళ్ళి, అక్కడ ఒకాయన ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం చూసి మతి పోగొట్టుకుని వచ్చాను. మంచినీళ్ళలో తిరిగే ఎర్రచేపలు కావు. రాళ్ళు, రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు, వాటి మధ్య నీలంచేపలు. తిరిగొచ్చిన నెలకే ముందుగదిలో కిటికీ కింద నాలుగడుగుల గాజుతొట్టి వెలిసింది. (ఆ కిటికీ కింద చోటు వదినకు కొనిపెడతానన్న కుట్టుమిషన్ కోసం అన్నయ్య ఉంచినది. "మిషన్ దసరాకు గదా వచ్చేది, అప్పటిదాంక పెట్టుకో మర్దీ" అని ఆమే ఇచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి.)

"పండుకునే జాగల కిన్నెరసాని డ్యాం కట్టినవేందిరా?" అన్నాడు అన్నయ్య, రెండో షిఫ్టు నుంచి వచ్చి కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ. ఎదురు క్వార్టర్లో, బాయిలో బొగ్గుబళ్ళు లాగే హాలేజీ యంత్రానికి ఆపరేటర్‌గా చేసే పెద్దాయన ఉండేవాడు, కాలనీ అంతా ఆయన్ని హాలేజీ మామ అనేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి తొట్టిలో నీళ్ళు అదిరినప్పుడల్లా ఆయన గుమ్మంలోకి వచ్చి, "సముద్రం సారూ! అలలు పంపిచ్చినం, అందినయా?" అని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను. సముద్రం ఇక్కడికి ఎంతో దూరమని నాకూ తెలుసు. అందుకేగా తెచ్చుకున్నది!

ఆ భాద్రపదంలో నా మొదటి పగడం వచ్చింది. చెన్నై నుంచి రైల్లో థర్మకోల్ పెట్టెలో ఖమ్మం దాకా, అక్కణ్ణించి నా ఒళ్ళో బస్సులో. దాన్ని తోలు పగడం అంటారు. ఆరోగ్యంగా ఉంటే పెద్ద పుట్టగొడుగులా విచ్చుకుని, తలంతా వందల చిన్నచిన్న పువ్వులు ఊపుతుంది. నాది మాత్రం తొట్టిలో పెట్టగానే ముడుచుకుంది. రెండో రోజు వాలింది. వారానికి పాత చెప్పుముక్కలా అయింది. నేను ఊరుకుంటానా? వెలుతురు చాలలేదని పైరాయి మీదికి మార్చాను, ఎక్కువైందేమోనని పక్కకు జరిపాను, ఆకలేస్తోందేమోనని గుడ్డుసొన కలిపి పిచికారీతో తాగించాను. ఉక్కకు నీళ్ళు వేడెక్కుతున్నాయని టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఫ్యాను గాలికి రోజూ అంగుళం నీళ్ళు ఆవిరైపోయేవి. తగ్గినంతా నేను మళ్ళీ నింపేవాణ్ణి. సముద్రం కదా అని, ఎప్పటికప్పుడు ఉప్పు కలిపి మరీ.

అది చావబోతోందని తేలిపోయిన శుక్రవారం సాయంత్రం అన్నయ్య, హాలేజీ మామ, ఇంకో ఇద్దరు బాయి దోస్తులు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. "ఏమైందిరా నీ పుట్టగొడుక్కు?" అన్నాడు అన్నయ్య. అప్పుడే వదిన ప్రతి శుక్రవారంలాగే నిప్పుల మీద సాంబ్రాణి వేసి గదిలోకి తెచ్చింది. నా నోట్లోంచి మాట జారింది అనను, నేనే అన్నాను: "ఇదిగో, ఈ పొగకే చచ్చిపోతోంది. వారం వారం వదిన పొగపెడితే ఏం బతుకుతుంది?"

అన్నయ్యకు కోపం వచ్చింది. దోస్తుల ముందు వస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. "ఇంట్ల ఉన్న ఒక్క వస్తువును సంభాళించ రాదు, నీకు మిషనొకటా? ఏం మిషన్ లేదు పో. అరేయ్, నువ్వు గూడ ఇను. దసరా దాంక చూస్త. గది బతకకుంటె ఈ డ్యాంను నేనే పలగ్గొడ్త."

వదిన పొగ గిన్నె నేల మీద పెట్టలేదు, కళ్ళు దించలేదు. "సరే. నీ సముద్రముండె గదిల నేను కాలు వెట్ట. కని నా ఇంట్ల శుక్రారం పొగ ఆగదు మర్దీ. నీ సముద్రం ఉంటదో పోతదో దాని ఇష్టం" అంది. అన్నట్టే చేసింది. మర్నాటి నుంచి గడప దాటలేదు. శుక్రవారం వస్తే గడప అవతల నిలబడి, పళ్ళెంతో విసిరి మరీ లోపలికి పొగ తోలింది.

నేనా మాటన్న మూడో రోజుకు, అంటే సోమవారం, నేను తొట్టిలో నీళ్ళు పోస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని ఉల్లిగడ్డ తరుగుతూ చూసింది.

"ఆ బకీట్ల ఏమున్నది?"

"ఉప్పునీళ్ళు."

"ఆవిరైపోయింది ఉప్పా, నీళ్ళా?"

నేను బకెట్ కింద పెట్టాను.

"పులుసు మరిగి ఇంకితె ఉప్పెక్కుతది. అప్పుడు మంచినీళ్ళు పోస్తరు. నువ్వు మల్ల ఉప్పునీళ్ళే పోస్తున్నవ్. డిప్లొమాల గిది చెప్పలేదా?"

ఆమె లోపలికి వెళ్ళాక, కొన్ననాటి నుంచి ట్రంకుపెట్టెలో దాచుకున్న ఉప్పు కొలిచే గాజుగొట్టం తీసి తొట్టిలో వదిలాను. నీళ్ళలో ఉప్పెక్కిన కొద్దీ పైకి లేచే ఆ గొట్టం గీతలన్నీ దాటి బెండులా తేలింది. అప్పుడు నిజం తెలిసింది. అన్నయ్య పక్కగదిలోనే పడుకుని ఉన్నాడు. పది అడుగులు వేసి చెప్పాల్సిన మాట అది. వెయ్యలేదు.

వదిన పుట్టిల్లు చండ్రుగొండ పక్కన ఒక పల్లె, మిరప పండించేవాళ్ళు. మర్నాడు, మంచినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ మళ్ళీ పగడాన్ని ఇంకో రాయి మీదికి మారుస్తుంటే గడప అవతలి నుంచి కేక వినపడింది. "ముట్టకు! చెయ్యి తియ్! నిన్న ఆ రాయి, ఇయ్యాల ఈ రాయి. మిరపనారు పీకి చేన్ల నాటితె మూడొద్దులు తలకాయ ఏలాడేస్తది. సచ్చిందని మల్ల పీకుతమా? గది కూడ ఎక్కడిదో ఒడ్డు ఇడిసి వచ్చింది. కింద నీడకు వెట్టు. మీదికెల్లి ఎండ తగలకుంట ఏమన్న కప్పు. తిండి గిండి బంద్. ఇగ దాని మొకం సూడకు." తన పాత వాయిల్ చీర ముక్క గడప మీంచి విసిరింది. దాన్ని లైటు కింద రెండు మడతలుగా కట్టాను. పగడాన్ని అడుగున, వెలుతురు తక్కువున్న చోట పెట్టాను. తొట్టిలో నీళ్ళు తిప్పే చిన్న మోటారును, నీళ్ళు మెల్లగా దాని మీదుగా పారేలా తిప్పి పెట్టాను. (ఇది మాత్రం నా సొంత తెలివే. ఇదైనా నాకు వదిలెయ్యండి.)

వారానికి దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఒకటి కట్టింది. కుళ్ళిందనుకుని నేను మంచమెక్కాను. "కుబుసమేమో, ఆగు" అంది వదిన గడప మీంచి. ఆగాను. రెండో శుక్రవారం పొగలోనే ఆ పొర అంచు లేచి, నీటివాలుకు ఊగి, ముక్కలుగా ఊడిపోయింది. మర్నాడు ఉదయం షిఫ్టుకు తయారవుతూ చూస్తే, గొడుగు విచ్చుకుని, దాని మీద గోధుమరంగు చిన్నిపువ్వులు వందలకొద్దీ కదులుతున్నాయి. దసరాకు ఇంకా నాలుగు రోజులుంది.

కాలనీకి కాలనీ వచ్చి చూసింది. "ఏం మందేసినవ్ సారూ?" అన్నాడు హాలేజీ మామ, మొదటిసారి నవ్వకుండా. నిజం చెప్పే అవకాశం ఆ క్షణం కూడా చేతిలోనే ఉంది. వదిన గడప మీదే ఉంది. నేను గొంతు సవరించుకుని, "పరిశోధన చేశాను మామా" అన్నాను. జిల్లా పేజీ విలేఖరి వచ్చి ఫొటో తీసుకుంటే ఇంకో మెట్టెక్కి, "పొగను కూడా తట్టుకునేలా అలవాటు చేశాను" అన్నాను. (ఆ మాట అచ్చయింది కూడా.) వదిన ఆ కాగితం చదివి, మడిచి, వంటింటి అరలో పరిచింది. సరిగ్గా నా మొహం మీద ఉప్పు డబ్బా పెట్టింది.

అన్నయ్య మాట తప్పలేదు, మిషన్ కొనలేదు. మరుసటి ఎండాకాలం వదినే, వాళ్ళమ్మ పాత మిషన్‌ను చండ్రుగొండ బస్సు మీదేసుకుని తెచ్చి, నెలల తర్వాత ముందుగదిలో కాలు పెట్టి, తొట్టికి అడ్డంగా దించింది. "నీ సముద్రం ఒడ్డున నా మిషన్. ఇష్టమైతే ఉంచుకో, లేకుంటె నువ్వే జరుపుకో" అంది. నేను జరపలేదు. తర్వాత అయిదేళ్ళు కాలనీ వాళ్ళు నా పగడాన్ని చూడాలంటే వదిన భుజం మీంచి చూడాల్సివచ్చింది.

తొట్టి ఎప్పుడో పోయింది. అన్నయ్య రిటైరయ్యాడు. చండ్రుగొండలో వదిన టైలరింగు షాపు నడుపుతోంది, ముగ్గురు పనివాళ్ళతో. మొన్న దసరా ముందు వెళ్ళాను. జాకెట్ల గిరాకీ, షాపు నిండా ఆడవాళ్ళు. అన్నయ్య గుమ్మంలో కుర్చీలో. అదృష్టమో దురదృష్టమో, హాలేజీ మామ కూడా లుంగీ అంచు కుట్టించుకోవడానికి వచ్చి పక్కనే ఉన్నాడు. షాపు అద్దంలో నెరిసిన తల ఒకటి కనపడింది. "పరిశోధన చేశాను" అన్న కుర్రాడు అందులోంచి కొంచెం సిగ్గుగా చూసి నవ్వాడు. నేను వదిన దగ్గరికి వెళ్ళి, మెల్లగా, మిషన్ చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా మొదలుపెట్టాను.

ఆమె చక్రం ఆపలేదు. "పొగ కాదు, నీ ఉప్పే అని నాకు ఆ సోమారమే ఎరుక మర్దీ. నాకేం చెప్తవ్? ఎవరి ముంగట అన్నవో వాళ్ళకు చెప్పు. గట్టిగ చెప్పు. బాయిల బ్లాస్టింగులకు మీ అన్నకు చెవులు పోయినయ్."

చేతులు జోడించి, గుమ్మం వైపు తిరిగి, రోడ్డు అవతల మిర్చి కొట్టు దాకా వినపడేలా అరిచాను:

"అన్నా! పొగ కాదే! ఉప్పు! నేనే పోసిన! బతికిచ్చింది కూడ వదినే, నేను కాదు! వదినా, తప్పు నాది, మాఫ్ చెయ్యి!"