రెండో గీత

ఎవరైనా పక్కన దగ్గితే నేను ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను. నర్సుకు దగ్గంటే భయమేమిటని తోటివాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను. ఏళ్లుగా మోస్తున్న బరువొకటి ఆ నవ్వు చాటున దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచిన ప్రతిసారీ వేరే మాటే బయటికొచ్చింది.

కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. చిన్నప్పుడే నాన్న పోతే నన్ను చదివించింది మా మేనమామ. మంగంపేటలో ముగ్గురాయిని పొడి చేసే మిల్లులో ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. ఏళ్ల తరబడి ఆ పొడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మెట్లెక్కితే ఆయాసం. అయినా నాకు ఉద్యోగం వచ్చిన రోజు, ఇంక నాకు ఏ రోగమొచ్చినా భయం లేదు, మా పాప ఉండాది అని వీధంతా చెప్పుకున్నాడట. ఆ మాట గుర్తొస్తే ఎక్కడికన్నా పారిపోవాలనిపిస్తుంది.

కరోనా అలలు దాటిపోయి, జనం మాస్కులు మర్చిపోతున్న కాలం. ఆ చలికాలంలో మామకు జ్వరమొచ్చి ఆయాసం ఎక్కువైంది. నేనే పట్టుబట్టి మా ఆసుపత్రికి రప్పించాను. గొంతులోంచి నమూనా తీసి పరీక్ష చేస్తే ఫ్లూ అని తేలింది. కరోనా లేదు. మందులు పడ్డాయి. మెల్లగా కోలుకున్నాడు. ఆక్సిజన్ తగ్గించారు. లేచి కూర్చుని ఆసుపత్రి అన్నానికి వంకలు పెట్టేదాకా వచ్చాడు.

మా అత్త, అంటే మామ భార్య, ఆయన మంచం వదలలేదు. మైదుకూరులో ఆమె చెల్లెలి ఇంటి గృహప్రవేశం. పోనని మొండికేసింది. నేనున్నాను కదా, ఒక్క రోజు పోయి రమ్మని సాయంత్రం బస్సెక్కించింది నేనే. మామ దగ్గర కూర్చోవడానికి సెలవు కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున లేచేసరికి నా గొంతు గరగరలాడుతోంది. ఒళ్లంతా నొప్పులు. హాస్టల్ గదిలో నా దగ్గర కరోనా పరీక్ష కిట్టు ఒకటి మిగిలి ఉండింది. చేసుకున్నాను. రెండో గీత పడింది. పలచగానే. కానీ పడింది. నర్సును, ఆ గీతకు అర్థమేమిటో నాకు తెలుసు. ఫ్లూ ఇంకా పూర్తిగా వదలని మనిషికి, అందులోనూ ఆ ఊపిరితిత్తులున్న మనిషికి, ఇంకో వైరస్ తోడైతే ఏమవుతుందో కూడా తెలుసు. అలాంటివాళ్లను వార్డులో చూశాను.

కిట్టును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి మామ దగ్గరికి బయలుదేరాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. మొదటి అలలో నాకు జబ్బు తగిలినప్పుడు హాస్టల్ నడిపే ఆమె నా పెట్టె తెచ్చి గేటు బయట పెట్టింది. ఆ రోజు రోడ్డు మీద నిలబడ్డ స్థితి మళ్లీ వస్తుందని భయపడ్డానా? మామ ఒక్కడే ఉంటాడన్న బెంగా? లేక మా పాప ఉండాది అన్న ఆ మాట అబద్ధం కాకూడదన్న పంతమా? మాస్కు పెట్టుకుంటాను, చేతులు కడుక్కుంటాను, ఏమీ కాదులే అని దారంతా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. భయపడే మనిషి ఎంత తొందరగా ఒక అబద్ధాన్ని నమ్మగలదో ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే మామ మొహం తిప్పుకున్నాడు.

"ఎవురు పెడ్తాండారో తెలీకుండా యెట్ల తినేది? ఆ గుడ్డ తీ పాపా."

"తీయకూడదు మామా. ఈడ రూలు."

"నాకాడ నీకేం రూలు? నీ మొగం సూసి శానా దినాలాయె."

తీశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించాను. మధ్యలో ఒకసారి తుమ్ము వస్తే మోచేతిలోకి తుమ్మాను. ఆయన నవ్వి, నూరేళ్లు బతుకు అన్నాడు.

మర్నాడు అత్త తిరిగొచ్చింది. డ్యూటీ ఉందని చెప్పి నేను తప్పుకున్నాను. నిజానికి జ్వరంతో గదిలో పడుకున్నాను. నా జ్వరం తగ్గి మళ్లీ వార్డుకు వెళ్లేసరికి మామకు జ్వరం తిరగబెట్టింది. శ్వాస చూడగానే నాకు అర్థమైంది. పాత దుమ్ము జబ్బు మీద ఫ్లూ పడింది కాబట్టి ఇలా అవుతోందని డాక్టరు అనుకున్నాడు. అనుకుంటూనే నావైపు తిరిగి, ఈమధ్య ఈయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరికైనా జలుబు, జ్వరం ఉన్నాయా అని అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

ఆయన తలాడించి వెళ్లిపోయాడు. అప్పుడైనా వెంట పరిగెత్తి చెప్పి ఉంటే అప్పుడే మళ్లీ పరీక్ష చేసేవారు. మందు మార్చేవారు. నేను అక్కడే నిలబడి సెలైన్ చుక్కలు చూస్తూ ఉండిపోయాను. మర్నాడు సాయంత్రానికి ఆక్సిజన్ ఎంత పెట్టినా చాలలేదు. అప్పుడు డాక్టరే పరీక్ష చేయించాడు. ఫ్లూ ఇంకా ఉంది. దానితోపాటు కరోనా. రెండూ కలిసి పడ్డాయన్నాడు. వెంటిలేటర్ పెట్టారు. మామ మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆ రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చి చెప్పలేరన్నాడు డాక్టరు. ఆ మాటలోనే నేను ఇన్నేళ్లు దాక్కున్నాను. నిజంగానే ఎవరూ చెప్పలేరు. మొదటి పరీక్షలోనే దొరకకుండా పోయి ఉండొచ్చు. పక్క మంచం నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ నాకు తెలిసింది నేను చెప్పలేదు కదా? ఆయన అడిగాడు కదా?

అత్త మాత్రం ఏ అనుమానమూ పెట్టుకోలేదు. మైదుకూరు గృహప్రవేశంలో ఎవరో దగ్గుతున్నారని, తను వాళ్ల పక్కనే కూర్చుందని గుర్తు చేసుకుంది. వరండాలో గోడకు ఆనుకుని కూలబడి నా చేయి పట్టుకుంది.

"నేనే తెచ్చినా పాపా. మూటగట్టుకోని తెచ్చి ఆయనకిచ్చినా."

కాదని అనలేదు. ఆమె తల నిమిరాను. నా చేతిని ఆమె ముద్దు పెట్టుకుంది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చేత్తోనే.

చెల్లెలితో ఆమె ఆ రోజు నుంచి మాట్లాడలేదు. ఆ చెల్లెలు రెండుసార్లు వచ్చి గడప బయటి నుంచే తిరిగి వెళ్లింది. అత్త పెళ్లిళ్లకు పోదు, చావులకు పోదు. పసిపిల్లలను ఎత్తుకోదు. ఈమధ్య చెల్లెలి మనవరాలి పెళ్లికి పిలుపు వచ్చింది. పోయి రా అత్తా అన్నాను. మళ్లా ఎవురికి తెస్తానో ఏమో అని తల అడ్డంగా ఊపింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకదు. అయినా కాఫీ కలుపుతానని లేచి వంటింట్లోకి పోయాను.

ఆమెకు తెలిస్తే ఏమవుతుంది? పిల్లలు లేని ఆమెకిప్పుడు కూతురు, కొడుకు అన్నీ నేనే. మామతో పాటు నన్ను కూడా పోగొట్టుకుంటుందని నాకు నేను చెప్పుకుంటాను. అదీ భయమే, దయ కాదు. ఆమె నన్ను చూసే చూపు మారడాన్ని నేను తట్టుకోలేను. అంతే.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు, ఆమెది. ఇది ఒక్కటి మాత్రం మీరు వినండి. అత్త ఏమీ తేలేదు. జబ్బు నా ఒంట్లో ఉందని తెలిసే నేను మామ పక్కన కూర్చున్నాను. డాక్టరు అడిగితే లేదన్నాను. ఆమె తన మీద వేసుకుంటుంటే వేసుకోనిచ్చాను.

రాసినదాన్ని ఇప్పుడే తలుపు వేసుకుని పైకి చదివాను. రెండుచోట్ల ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. భయం ఏమీ తగ్గలేదు. కానీ ఆ మాటలు నా గొంతులోంచి రావడం నా చెవులు వినడం ఇదే మొదటిసారి.