శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య

నిన్న వరంగల్ మట్టెవాడ సందులో ఎవరో ఆముదపు చెక్క బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే యూసుఫ్ సాబు నవ్వు వినిపించినట్టయింది. నిజాం పాలన చివరి ఏళ్లలో నేను ఇక్కడి ఒక నూనె మిల్లు దఫ్తర్‌లో గుమాస్తాను, ఆయన పెద్ద మున్షీ. పొట్ట కదిలేలా నవ్వేవాడు. తప్పు పట్టేటప్పుడు ఇంకా ఎక్కువగా నవ్వేవాడు.

మా సేటుకు రెండు మిల్లులు. ఒకటి వరంగల్‌లో, ఒకటి బెజవాడలో. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువాళ్ల ఇలాకా. పనివాళ్ల చట్టాలూ వేరు. ఇక్కడి మిల్లుకు శుక్రవారం సెలవు, అక్కడి మిల్లుకు ఆదివారం. రెండు చోట్ల చట్టాలూ నాకు కంఠతా వచ్చు. ఆ పొగరుతోనే ఒక ఏర్పాటు చేశాను. యంత్రాలు బాగుచేసే మిస్త్రీలు ఆరుగురు రెండు మిల్లులకూ కావాలి. వాళ్లను శుక్రవారం రైలెక్కించి, శనివారం బెజవాడలో పని చేయించి, ఆదివారం తిరుగు రైలెక్కించేవాణ్ణి. అక్కడా ఇక్కడా చట్టం తప్పలేదు. సేటు మురిసిపోయి, బెజవాడ దఫ్తర్ నాకే అప్పగిస్తానన్నాడు.

రెండు నెలలు గడిచాక వాళ్లలో ఒకడు, నెక్కొండ మిస్త్రీ మల్లయ్య, దఫ్తర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"సాబ్, బిడ్డ పుట్టి నెల దాటింది. నేను ఇంటికి రాంది పేరు పెట్టనంటాంది మా అమ్మ."

"బిడ్డను చూడనే లేదా?" అన్నాడు యూసుఫ్ సాబు.

"చూస్తాన సాబ్, వారానికి రెండుసార్లు. రైలు మా ఊర్ల ఆగుతది గదా, అమ్మ ఎత్తి చూపెడ్తది."

సాబు నావైపు తిరిగాడు. "ఏం బేటా, ఈయనకు సెలవు ఎన్నడు?"

"ఇక్కడ శుక్రవారం, అక్కడ ఆదివారం సాబ్."

"శుక్రవారం ఏడుంటడు?"

"రైల్ల."

"ఆదివారం?"

"రైల్ల."

ఆయన విరగబడి నవ్వాడు. "వాహ్! రెండు సర్కార్ల సెలవులూ రైలుకే ఇచ్చినవ్. జర నువ్వు గూడ ఒకసారి పోయి రా."

పోయాను. తిరుగు రైలు నెక్కొండలో ఆగగానే ఒక ముసలమ్మ కిటికీలోంచి పసిబిడ్డను అందించింది. మల్లయ్య చేతులకు ఇంకా జిడ్డు వదల్లేదు. "సారూ, జర మీరు పట్టుకోండ్రి" అన్నాడు. బిడ్డ నా ధోవతి తడిపింది. "దఫ్తర్ కాగితం మీద లెక్క మోహరు ముద్ర కొట్టింది సారూ!" అని మిస్త్రీలంతా నవ్వారు, నేనూ నవ్వాను. మల్లయ్య రుమాలుతో గబగబా చేతులు తుడుచుకునేసరికి రైలు కూత పెట్టింది. బిడ్డను ముసలమ్మకు ఇచ్చేశాను. అతని శుభ్రమైన చేతులు అలాగే చాచి ఉండిపోయాయి.

మర్నాడు యూసుఫ్ సాబు నన్ను సేటు ముందుకు తీసుకుపోయాడు. రైల్లో గడిచిన రోజు సెలవు కాదనీ, వారానికో పూర్తి రోజు వాళ్లు ఇంట్లో ఉండాలనీ చెప్పాడు.

సేటు నన్నడిగాడు: "చట్టం ప్రకారమే ఉన్నదన్నవ్ గదా, ఇప్పుడేమంటవ్?"

బెజవాడ కుర్చీ కళ్లముందు మెదిలింది. తల దించుకున్నాను.

"ముసలోడివైనవ్ మున్షీ" అన్నాడు సేటు.

"అయిన సేట్. గందుకే ఇల్లు యాదికొస్తాంది. మిస్త్రీలు ఇగ గట్ల రైలెక్కరు. ఎక్కొద్దని నేనే చెప్పిన."

సేటు చాలాసేపు గొణిగాడు కానీ, మిస్త్రీలు లేక యంత్రాలు నడవవు. ఒప్పుకున్నాడు. బయటికొచ్చాక, "సాబ్, నేను మాట్లాడలేకపోయిన" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. ఇయ్యాల నీ నోటికి సెలవు" అని నవ్వి, శుక్రవారం మల్లయ్య ఇంటికి నన్నూ లాక్కుపోయాడు. బిడ్డ ఆ రోజంతా తండ్రి ఒడి దిగలేదు.

ఆ బెజవాడ కుర్చీ నాకే దక్కింది. అక్కడ పని వంతులు వేసేటప్పుడు చట్టం తెరిచే ముందు ఒక్కొక్కరినీ పిలిచి, ఏ రోజు ఇంట్లో ఉంటావని అడిగేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా సెలవన్న మాట ఎత్తితే ముందు అదే అడుగుతాను. పనివాళ్లు దాన్ని నా మంచితనం అనుకున్నారు. కాదని, అది యూసుఫ్ సాబుదని, ఆ రోజు సేటు ముందు నేను నోరు మెదపలేదని, వాళ్లకెప్పుడూ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.