మా రాజుకు చప్పుడు లేని ఊరు

ఫోన్లో ఒక్కో అక్షరం వెతికి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాను, నెలాఖరుకు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. మంచిర్యాలలో దొరికిన అద్దె గదిలో కుక్కను ఉండనివ్వరు. మా రాజును తీసుకెళ్తానని ఈరోజు కమాన్‌పూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. మంచివాడే, రాజు కూడా తోక ఊపింది. అంతలో దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. రాజు వణుకుతూ మంచం కిందికి దూరింది.

"ఏంది కాకా, గింత దూరానికే గిట్లయితే ఎట్ల? మా ఇంట్ల బ్లాస్టింగుకు రోజూ గిన్నెలు కిందవడ్తయి," అని నవ్వాడతను.

"అయితే వద్దు బిడ్డా," అన్నాను.

"కుక్కకు ఇల్లరికం సంబంధం చూస్తున్నవా ఏంది?" అని బండెక్కి వెళ్లిపోయాడు.

నేను వద్దన్న ఇళ్లలో ఇది మూడోది. అలసిపోయాను. ఆ చప్పుడు మీదే ముప్పై ఏళ్లు బతికాను, రాజుకు మాత్రం అలవాటు చేయలేకపోయాను. బ్లాస్టింగ్ వినపడని ఊళ్లో మీరుంటే తొందరగా జవాబు రాయండి.